బడ్జెట్ సాఫ్ట్‌వేర్ కొనేముందు: ఇండిపెండెంట్ సినిమా, వీడియో నిర్మాణంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: చిన్న సినిమాకి ఎక్సెల్ చాలు.

వాస్తవం: ఒకే లొకేషన్‌లో రెండు రోజుల్లో ముగిసే వీడియోకి నిజంగానే చాలు. ఇబ్బందంతా షెడ్యూల్ మారడంతో మొదలవుతుంది. షూటింగ్ 20 రోజుల నుంచి 22కి పెరిగిందనుకోండి. క్రూ జీతాలు, భోజనాలు, రూములు, వాహనాలు అన్నీ కదలాలి. మూవీ మ్యాజిక్ బడ్జెటింగ్, షోబిజ్ బడ్జెటింగ్ లాంటి బడ్జెట్ సాఫ్ట్‌వేర్‌లలో ‘షూట్’ అని ఒక గ్లోబల్ (బడ్జెట్ అంతటా వాడుకునేలా ఒక అంకెకి పెట్టే పేరు) పెట్టి, రోజుల లెక్క ఉన్న ప్రతి లైన్‌లోనూ అంకెకు బదులు ఆ పేరే వాడతారు. ఒక్కచోట 22 అని మారిస్తే టాప్ షీట్ (విభాగాల మొత్తాలు చూపే మొదటి పేజీ) దాకా మారుతుంది. పేరు పెట్టిన సెల్‌తో ఎక్సెల్‌లోనూ ఇంతవరకూ చేయొచ్చు. అసలు ప్రమాదం కూడికల దగ్గర. 5 నుంచి 18వ వరుస దాకా కూడే ఫార్ములా ఉన్నప్పుడు 19వ వరుసలో కొత్త ఖర్చు రాస్తే అది మొత్తంలో కలవకపోవచ్చు. లైన్ కళ్లముందే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రతి విభాగం చివర ఒక ఖాళీ వరుసను కూడా ఫార్ములాలో కలిపేసి, కొత్త లైన్లన్నీ దానికి పైనే చేర్చండి.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ లెక్క తప్పనివ్వదు.

వాస్తవం: మీరిచ్చిన అంకెల్ని గుణిస్తుంది, అంతే. కెమెరాని వారమంతా వాడుకున్నా 3 రోజుల అద్దె మాత్రమే కట్టేలా మాట్లాడుకుని, ఆ లైన్‌కి కూడా ‘షూట్’ గ్లోబల్ తగిలిస్తే, వారానికి 6 రోజులు తీసే సినిమాకి అద్దె రెట్టింపు చూపిస్తుంది. ఆ లైన్‌కి యూనిట్ వారాల్లో ఉండాలి. ఫ్రింజ్‌లూ (జీతం మీద శాతంగా పడే అదనపు చెల్లింపులు) అంతే: జీతం ఒక హద్దు దాటాక ఆగిపోయే చెల్లింపులకి కటాఫ్ ఇవ్వకపోతే ఆ హద్దుకి పైన ఉన్న జీతం మీద కూడా శాతం పడుతుంది.

అపోహ: ఎక్కువ ఫీచర్లున్నదే మంచిది.

వాస్తవం: మీ బడ్జెట్ ఎవరు చదువుతారో వాళ్లని ముందు అడగండి. స్టూడియో గానీ బాండ్ కంపెనీ (సినిమా పూర్తవుతుందని హామీ ఇచ్చే సంస్థ) గానీ మూవీ మ్యాజిక్ ఫైలే కావాలనొచ్చు. అమెరికాలో యాడ్ ఫిల్మ్‌లకి ఏఐసీపీ (అక్కడి యాడ్ ఫిల్మ్ నిర్మాతల సంఘం) బిడ్ ఫారం వాడుకలో ఉంది. అక్కడ ఎక్సెల్ మీద నడిచే హాట్ బడ్జెట్ సరిపోతుంది. ఇన్వెస్టర్ ఒక్కరే అయితే పీడీఎఫ్ చాలు.

అపోహ: బడ్జెట్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఖర్చు అదుపులో ఉన్నట్టే.

వాస్తవం: బడ్జెట్ వేరు, కాస్ట్ రిపోర్ట్ (అయిన ఖర్చు, ఇంకా కాబోయే ఖర్చు చూపే లెక్క) వేరు. ఆర్ట్ విభాగానికి 1000 కేటాయించారు, 600 చెల్లించారు. 400 మిగిలిందనుకుంటే పొరపాటు. ఆర్డర్ ఇచ్చి ఇంకా చెల్లించనిది 250, ముందు ముందు కావాల్సింది 300 అయితే చివరికి తేలేది 1150. ఈ లెక్క చూపించని సాఫ్ట్‌వేర్ అయితే, దాన్ని వేరేచోట వేసుకునేలా అకౌంట్ కోడ్‌లు (ఒక్కో ఖర్చుకీ ఇచ్చే నంబర్లు) చెదరకుండా సీఎస్‌వీలోకి (వేరే సాఫ్ట్‌వేర్‌లలోనూ తెరుచుకునే సాదా పట్టిక ఫైల్) ఎక్స్‌పోర్ట్ అవుతున్నాయో లేదో చూడండి.

చందా కట్టేముందు ట్రయల్‌లో ఒక విభాగాన్ని పూర్తిగా ఎక్కించండి. రెండు రోజులు పెంచి, వచ్చిన తేడాని చేత్తో వేసిన లెక్కతో పోల్చండి. చందా ముగిశాక పాత ఫైల్ తెరుచుకుంటుందా అన్నది కూడా అప్పుడే అడిగి, ఖరారైన ప్రతి బడ్జెట్‌నీ పీడీఎఫ్‌గా, ఎక్సెల్‌గా విడిగా దాచుకోండి.