కట్టెల బాకీ కింద వచ్చిన బొమ్మ

సూళ్లూరుపేటలో మా పెదనాన్న ఇల్లు అమ్మకానికి పెట్టాక, హాల్లో గోడకున్న రంగుల పటం ఎవరిదన్న పేచీ లేచింది. అందులో బకింగ్‌హాం కాలువ, కట్టెలతో నిండిన పడవ, గట్టు మీద తాడు భుజానేసుకుని దాన్ని లాగుతున్న ఇద్దరు మనుషులు.

అది మావాళ్లు కొన్నది కాదు. ఇళ్లకు గ్యాసు రాకముందు మద్రాసు పొయ్యిల్లోకి శ్రీహరికోట కట్టెలు ఈ కాలువ మీదే వెళ్లేవి. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన కాలువ అది. చీరాల దగ్గరి పెదగంజాం నుంచి మద్రాసు దాకా లెక్కేస్తే 300 కిలోమీటర్ల పైమాటే. మా తాతకు మద్రాసులో కట్టెల అడితి ఉండేది. అరువు తీర్చలేకపోయిన ఒక డ్రాయింగు మాస్టారు తాను వేసిన ఈ బొమ్మ ఇచ్చాడు. తాత చిట్టాలో ఆయన ఖాతా కింద 'చెల్లు, పటం 1' అని ఉంది. "దీన్ని పొయ్యిలో పెట్టుకోనా?" అని జేజి సణిగిందట. 1969లో శ్రీహరికోటను రాకెట్ల కేంద్రానికి ఎంపిక చేశాక, తాత అడితి మూసేసి పటంతో సహా ఊరికి వచ్చేశాడు.

వీలునామా రాయకుండానే ఆయన పోయాడు. 1991లో అన్నదమ్ములు రిజిస్టరు పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల దస్తావేజు, రాసుకున్నారు. అందులో సర్వే నంబర్ల నుంచి ఇత్తడి గంగాళాల దాకా ఉన్నాయి, బొమ్మ లేదు. అప్పుడు దాన్ని ఆస్తి అనుకున్నదెవరు? తాత కూతురు, మా మేనత్తకూ వాటా రాలేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కిస్తూ హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన 1985 నాటి రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదు, అత్త పెళ్లి అంతకు చాలా ముందే అయింది.

2005 కేంద్ర సవరణతో పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి ఆ చట్టం పోదు. పెదనాన్న పట్టుకున్నది ఈ ముక్కనే. కానీ పారీఖత్తులో లేని వస్తువు పంచుకున్నట్టు ఎలా అవుతుంది? పోనీ, అడితి తాత స్వార్జితమే అనుకుందాం. అలాంటి ఆస్తిలో కొడుకులతో పాటు కూతురికీ సమాన వాటా ఉందని 1956 నాటి అసలు వారసత్వ చట్టమే చెప్పింది. ఎటు తిప్పినా అత్తకు వాటా లేదనే దారి నాకు కనబడలేదు.

ఇన్నాళ్లూ చెదలు పట్టకుండా కాపాడింది తానేనని, కావాలంటే విలువ కట్టించి అత్త వాటా ఇచ్చేస్తానని పెదనాన్న అంటున్నాడు. "నాకు డబ్బులొద్దబ్బయా, బొమ్మియ్యండి" అంటోంది అత్త. ఇంటికి అడ్వాన్సు తీసుకోవడం అయిపోయింది, సంక్రాంతిలోపు ఖాళీ చేయాలి.