గొరిల్లాతో ఒక గంట: 1500 డాలర్ల లెక్క

"గొరిల్లాని గంటసేపు చూడటానికి 1500 డాలర్లా? ఆ డబ్బంతా ఎటు పోతుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. రువాండాలోని వోల్కనోస్ జాతీయ పార్కు సంగతి ఇది. 750 డాలర్లున్న పర్మిట్‌ని 2017లో అక్కడి ప్రభుత్వం ఒక్కసారిగా రెట్టింపు చేసింది. పార్కుల పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్ల వాటాను కూడా అప్పుడే 5 శాతం నుంచి 10 శాతానికి పెంచింది. ఆ డబ్బుతో బడులు, ఆరోగ్య కేంద్రాలు, నీళ్ల ట్యాంకులు కట్టుకున్నారు. కానీ అడవి దున్నలొచ్చి ఆలుగడ్డ చేను తొక్కేస్తే నష్టపోయేది పార్కు పక్క రైతే. నన్నడిగితే 10 శాతం చాలా తక్కువ.

అయితే డబ్బుకన్నా నన్ను కట్టిపడేసేది గొరిల్లాలను మనిషికి అలవాటు చేసే పద్ధతి. అడవి గొరిల్లా మనిషిని చూస్తే పారిపోతుంది, లేదా మీదికొస్తుంది. అందుకే ట్రాకర్లు, అంటే అడవిలో గొరిల్లాల జాడ పట్టేవాళ్లు, రోజూ అదే గుంపు దగ్గరికెళ్లి, వాటిలాగే గొంతులో సన్నగా గురగురమంటూ కూర్చుంటారు. ఇందుకు రెండేళ్లు కూడా పడుతుంది. ఆ తర్వాతే టూరిస్టులు వస్తారు. గుంపుకి ఎనిమిది మంది, రోజుకి ఒక్క గంట.

అలా అలవాటైతేనే వైద్యం అందుతుంది. జింకల కోసం పెట్టిన ఉచ్చు పిల్ల గొరిల్లా మణికట్టుకి పడితే, లాక్కునేకొద్దీ కండలోకి దిగుతుంది. అలవాటైన గుంపైతే ట్రాకర్ వెంటనే గమనిస్తాడు. డాక్టర్లొచ్చి మత్తుసూది వేసి ఉచ్చు కోసేస్తారు. 1967 నుంచి 2008 వరకు ఈ పార్కు ఉన్న విరుంగా కొండల్లో తీసిన లెక్కల ప్రకారం, అలవాటైన గుంపులు ఏటా 4.1 శాతం పెరిగాయి. అలవాటు కానివి 0.7 శాతం చొప్పున తగ్గాయి. ఈ తేడాలో వైద్యం వాటా 40 శాతం దాకా ఉండొచ్చని పరిశోధకుల అంచనా.

బడిలో ఎకోటూరిజం (ప్రకృతిని కాపాడుతూ చేసే పర్యాటకం) లాభాలు ఒక పక్క, నష్టాలు ఇంకో పక్క రాయిస్తారు. ఇక్కడ రెండూ ఒకే పనిలోంచి, గొరిల్లాలను మనిషికి అలవాటు చేయడంలోంచే, పుడుతున్నాయి. గొరిల్లా జన్యువులు మనవాటికి దాదాపు 98 శాతం దగ్గర కాబట్టి మన జలుబు దానికీ అంటుకుంటుంది. 2009లో రువాండాలోని హిర్వా గుంపులో 12 గొరిల్లాలుంటే 11 దగ్గుతో, ముక్కు కారుతూ కనిపించాయి. ఒక పెద్ద ఆడ గొరిల్లా, ఒక పసికూన చనిపోయాయి. వాటిలో దొరికింది మనుషుల మెటాన్యుమోవైరస్. మనలో చాలామందికి వస్తే మామూలు జలుబుతో పోయేదే. ఘాట్‌రోడ్డు మీద కోతులకు చేత్తో బిస్కెట్లు పెట్టి పుణ్యమనుకునే మనం కూడా దీని గురించి ఆలోచించాలి.

అందుకే కోవిడ్‌కి ముందు కనీసం ఏడు మీటర్ల దూరం ఉండాలన్న నియమం ఉండేది. అప్పట్లో పక్కనున్న ఉగాండాలోని బ్విండీ అడవిలో 53 గొరిల్లా టూర్లను గమనిస్తే, 52 టూర్లలో అది తప్పింది. గొరిల్లాయే దగ్గరికి రావచ్చు, ఫోటో కోసం మనిషే జరగచ్చు. ఆ క్షణంలో వెనక్కి పొమ్మని చెప్పాల్సింది గైడ్. అతనికి టిప్ ఇచ్చేదేమో ఆ ఫోటో కోసం వచ్చిన టూరిస్టే. ఆ టిప్ బదులు పర్మిట్ డబ్బులోంచే గైడ్‌కి మంచి జీతమిస్తే, "వెనక్కి జరగండి" అనడానికి అతనికి ఏ టెన్షనూ ఉండదు.