నాడీకణాలను పట్టి ఉంచేది జిగురు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏం పని చేస్తావని చుట్టాలు అడిగితే, "నాడీకణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో చూస్తాను" అని చెబుతుంటాను. వెంటనే వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: "మరి ఆ పట్టు గట్టిపడాలంటే ఏం తినాలి?" అడిగేవాళ్లలో ఎక్కువమంది పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు, లేదంటే ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు మొదలైనవాళ్లు. వాళ్ల ఆందోళన నిజమైనది. అందుకే సగం తెలిసిన మాటలతో వాళ్లకు మాత్రలు, టెస్టులు అమ్మడం చూస్తే మనసు ఊరుకోదు. నాకు పదేపదే ఎదురైన అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాడీకణాలు కరెంటు తీగల్లా ఒకదానికొకటి ముడేసి ఉంటాయి

ఒకప్పుడు మహామహులే దీని మీద వాదించుకున్నారు. మెదడంతా ఒకే అల్లికగా ఉన్న వల అని ఇటలీ శాస్త్రవేత్త గోల్జి నమ్మారు. ఏ కణానికా కణం విడిగానే ఉంటుందని స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ అన్నారు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపే ఇచ్చారు. ఆ ప్రసంగంలో కూడా గోల్జి తన మాట వదల్లేదు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశాక కహాల్ మాటే నిలిచింది.

ఒక నాడీకణం నుంచి ఇంకో కణానికి కబురు అందే చోటును సినాప్స్ అంటాం. చాలా సినాప్స్‌లలో రెండు కణాల మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. తలవెంట్రుక మందాన్ని నాలుగు వేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంత ఉంటుందో, దాదాపు అంత. అయితే ఆ సందు ఖాళీగా ఉండదు. అటు పొర నుంచి, ఇటు పొర నుంచి ప్రోటీన్లు చేతులు చాపినట్టు బయటికొచ్చి మధ్యలో కలుసుకుంటాయి. అవే అడ్హీషన్ ప్రోటీన్లు (అడ్హీషన్ అంటే అంటుకోవడం). కబురు పంపే కణం రసాయనాన్ని ఎక్కడ వదులుతుందో, దాన్ని అందుకునే గ్రాహకాలు సరిగ్గా దానికి ఎదురుగా ఉండేలా చూడటంలో వీటికి పెద్ద పాత్ర ఉంది.

అపోహ: అడ్హీషన్ ప్రోటీన్ అంటే ఒక రకం జిగురు

జిగురుకు ఏదైనా ఒకటే, కాగితమైనా కర్రయినా అంటుకుంటుంది. ఈ ప్రోటీన్లు మాత్రం ఎవరిని పట్టుకోవాలో చూసుకుని మరీ పట్టుకుంటాయి.

మా ల్యాబ్‌లో ఎలుక పిండం మెదడులోంచి హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగాన్ని తీస్తాం. అది చింతగింజలో సగం కూడా ఉండదు. దాన్ని ఎంజైమ్ కలిపిన గోరువెచ్చని ద్రావణంలో నానబెట్టి, సన్నటి గాజు పిపెట్‌తో నెమ్మదిగా పైకి లాగి కిందికి వదులుతుంటే కాసేపటికి ముక్క కనిపించదు. ద్రావణం బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడుతుంది. అప్పుడు ప్రతి కణమూ ఒంటరిది. దాన్ని గాజు బిళ్ల మీద వేస్తాం. ఆ బిళ్లకు ముందే, కణాలు గాజుకు అంటుకునేలా చేసే పాలీలైసిన్ పూత పట్టించి ఉండాలి. ఒకసారి నేను తొందరపడి ఆ పూతకు చాలినంత సమయం ఇవ్వలేదు. మర్నాడు మైక్రోస్కోప్ కింద చూస్తే కణాలన్నీ గాజును వదిలేసి ఒకదాన్నొకటి పట్టుకుని, ఉడికిన సగ్గుబియ్యంలా ముద్దలు కట్టి తేలుతున్నాయి. మూడు వారాల పని పోయింది. ఆ ఎలుకల ప్రాణాలకు అర్థం లేకుండా పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. కణాలు ఒకదాన్నొకటి ఎంతగా వెతుక్కుంటాయో మాత్రం ఆ రోజే నా కళ్లకు కట్టింది.

ఆ పట్టుకోవడంలోనూ ఎంపిక ఉంది. క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్లలో చాలా రకాలున్నాయి. ఒక రకం క్యాడ్హెరిన్ ఉన్న కణాలనూ ఇంకో రకం ఉన్న కణాలనూ కలిపి వదిలితే, కాసేపటికి ఏ రకానికి ఆ రకం విడివిడి గుంపులుగా చేరతాయి.

క్యాడ్హెరిన్ దొరికిన తీరు నాకు చాలా ఇష్టమైన కథ. 1970లలో జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి క్యోటోలో చేసిన ప్రయోగాన్ని అమెరికాలోని బాల్టిమోర్‌లో మళ్లీ చేశారు. అక్కడ మాత్రం విడదీసిన కణాలు మళ్లీ కలవలేదు. తేడా ఎక్కడుందా అని వెతికితే, అక్కడి ల్యాబ్‌లో కణాలను విడదీయడానికి వాడే ట్రిప్సిన్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్) ద్రావణంలో ఈడీటీఏ అనే రసాయనం కలిపి ఉంది. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కాల్షియం ఉన్నంతసేపూ ట్రిప్సిన్ నుంచి తనను తాను కాపాడుకునే ప్రోటీన్, అంటే క్యాడ్హెరిన్, కాల్షియం లేకపోయేసరికి ముక్కలైపోయింది. ద్రావణాల తయారీలో ఉన్న ఆ చిన్న తేడాను వదిలేయకుండా పట్టుకున్నారు కాబట్టే ఒక ప్రోటీన్ కుటుంబమే బయటపడింది.

అపోహ: అయితే కాల్షియం మాత్రలు వేసుకుంటే మెదడులో కనెక్షన్లు గట్టిపడతాయి

పై కథ చెప్పిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. గట్టిపడవు. క్యాడ్హెరిన్‌కు కావలసిన కాల్షియం కణాల చుట్టూ ఎప్పుడూ ఉంటుంది. రక్తంలో కాల్షియం తగ్గకుండా పారాథైరాయిడ్ హార్మోన్ కాపలా కాస్తుంది, అవసరమైతే ఎముకల నుంచైనా తెస్తుంది. కాల్షియం బాగా పడిపోయినప్పుడు తిమ్మిర్లు, కండరాలు కొంకర్లు పోవడం నిజమే. కానీ అవి నాడులు అతిగా ఉద్రేకపడటం వల్ల వచ్చేవి, కణాల పట్టు ఊడిపోయినందువల్ల కాదు. ఎముకల కోసం డాక్టర్ రాసిస్తే వేసుకోండి, జ్ఞాపకశక్తి కోసమని మాత్రం కొనకండి.

అపోహ: ఫలానా ప్రోటీన్ ఉంటే కనెక్షన్ ఉంటుంది, లేకపోతే ఉండదు

ఈ అపోహ మా రంగంలో కూడా కొన్నాళ్లు బలంగా ఉండేది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

న్యూరెక్సిన్, న్యూరోలిజిన్ అనే అడ్హీషన్ ప్రోటీన్ల జంట ఉంది. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్‌లా రెండు సగాలూ వేరు. కబురు పంపే కణం మీద ఎక్కువగా న్యూరెక్సిన్, అందుకునే కణం మీద న్యూరోలిజిన్ ఉంటాయి. న్యూరెక్సిన్ బయటపడింది సాలీడు విషం వల్ల. బ్లాక్ విడో సాలీడు విషం నాడీకణంలో దేన్ని పట్టుకుంటుందని వెతుకుతూ, 1992లో శాస్త్రవేత్త థామస్ సూడాఫ్ బృందం దీన్ని కనుక్కుంది. (ఆయనకు 2013లో వచ్చిన నోబెల్ దీనికి కాదు, కణంలో రసాయనాల సంచుల రవాణాపై చేసిన పనికి.)

2000లో వచ్చిన ఒక ప్రయోగం మా అందరినీ కదిలించింది. మెదడుతో ఏ సంబంధమూ లేని కణాలను, కిడ్నీ నుంచి వచ్చిన కణాలను తీసుకుని, వాటిలో న్యూరోలిజిన్ జన్యువు పెట్టి, పక్కనే నాడీకణాలను పెంచారు. నాడీకణాల తీగలు ఆ కిడ్నీ కణాలను తాకిన చోటల్లా, ఎదురుగా ఉన్నది ఇంకో నాడీకణమే అన్నట్టు, రసాయనాలు వదిలే ఏర్పాటంతా చేసుకున్నాయి. ఇలాంటి ప్రయోగం నేను మొదటిసారి చేసినప్పుడు, నల్లటి తెర మీద ఒక కిడ్నీ కణం చుట్టూ, ఆ ఏర్పాటు ఉన్న చోట్లను చూపే ఆకుపచ్చ చుక్కలు తోరణం కట్టినట్టు వెలిగాయి. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

అంటే న్యూరోలిజినే సినాప్స్‌ను పుట్టిస్తుందని అనుకోవడం సహజం. కానీ 2006లో న్యూరోలిజిన్ 1, 2, 3 మూడూ లేని ఎలుకలను పరిశీలించినప్పుడు వేరే సంగతి తేలింది. అవి పుట్టిన కాసేపటికే ఊపిరి ఆడక చనిపోయాయి. అయినా వాటి మెదడులో సినాప్స్‌ల సంఖ్య దాదాపు మామూలుగానే ఉంది. సినాప్స్‌లు ఉన్నాయి, వాటిలో కబురు మాత్రం సరిగా నడవలేదు. ఊపిరిని నడిపే నాడులు ఆ లోపాన్ని తట్టుకోలేకపోయాయి.

ఇందులోంచి నాకు అర్థమైంది ఇది: కణాలు కలుసుకోవడం ఒకటి, కలిశాక ఆ చోటు పనికి సిద్ధం కావడం ఇంకొకటి. మొదటి పనికి చాలా ప్రోటీన్లు ఒకదానికొకటి సాయంగా ఉంటాయి. రెండో పనిలో ఒక్కోదాని విలువ తెలుస్తుంది.

అపోహ: పట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది

పండు ఈగలో డీస్కామ్ అనే ఒక్క జన్యువు 38,016 రూపాల్లో ప్రోటీన్ తయారుచేయగలదు. ఒక నాడీకణం కొమ్మలన్నిటి మీదా ఒకే రకం రూపాలుంటాయి. ఒక కొమ్మ అదే కణంలోని ఇంకో కొమ్మను తాకగానే రెండు ప్రోటీన్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు ఆ కొమ్మకు "ఇది నాదే" అని తెలుస్తుంది, వెంటనే దూరం జరుగుతుంది. పట్టుకోవడమే ఇక్కడ విడిపోవడానికి దారి. అలా జరగకపోతే కొమ్మలు చిక్కుపడిపోతాయి.

మన మెదడులో ఎన్‌క్యామ్ అనే అడ్హీషన్ ప్రోటీన్ మీద ఒక రకం చక్కెరల పొడవాటి గొలుసు చేరితే పట్టు వదులవుతుంది. ఎదిగే మెదడులో కణాలు కదలాలంటే ఈ వదులుతనం కావాలి.

అపోహ: న్యూరోలిజిన్ జన్యువే ఆటిజం జన్యువు, టెస్టు చేయిస్తే తేలిపోతుంది

2003లో స్వీడన్‌లోని రెండు కుటుంబాల్లో ఆటిజం ఉన్న అన్నదమ్ముల్లో న్యూరోలిజిన్ 3, న్యూరోలిజిన్ 4 జన్యువుల్లో మార్పులు దొరికాయి. అది గొప్ప ఆధారమే. కానీ అలాంటి మార్పులు ఉన్న కుటుంబాలు చాలా అరుదు. ఆటిజంతో ముడిపడిన జన్యువులు వందల్లో ఉన్నాయి. జన్యు పరీక్ష అవసరమా కాదా అన్నది పిల్లల డాక్టర్‌తో, జెనెటిక్ కౌన్సెలర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. అమ్మ పెంపకం వల్లే ఇలా అయిందని ఎవరైనా అంటే మాత్రం అది అబద్ధమని గట్టిగా చెప్పండి.

అపోహ: ఇదంతా పిండం ఎదిగేటప్పటి సంగతి, పెద్దయ్యాక వీటితో పనిలేదు

సినాప్స్ ఉన్నంతకాలం ఈ ప్రోటీన్లూ పనిలో ఉంటాయి. ఎల్‌జీఐ1 అనే ప్రోటీన్ సినాప్స్ సందులో రెండు వైపులనూ కలిపే వారధిలా ఉంటుంది. కొందరికి, ఎక్కువగా యాభై దాటాక, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే దీని మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాళ్లలో చాలామందికి మొదట్లో మూతి ఒక పక్కకు లాగుతుంది, అదే పక్క చెయ్యి గుంజుకుపోతుంది. కొద్ది సెకన్లలోనే ఆగిపోతుంది, కానీ రోజుకు చాలాసార్లు వస్తుంది. తర్వాత మతిమరుపు, తికమక మొదలవుతాయి, చాలామందిలో రక్తంలో సోడియం తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని వయసు వల్ల అనో, మనోవ్యాధి అనో, గాలి సోకిందనో అనుకుంటూ వారాలు గడిపేస్తారు. స్టెరాయిడ్లతో, రోగనిరోధక వ్యవస్థను అదుపుచేసే మందులతో చాలామంది బాగా కోలుకుంటారు. ఎంత త్వరగా మొదలుపెడితే జ్ఞాపకశక్తి అంత నిలుస్తుంది. అలాంటి కుదుపులు ఇంట్లో ఎవరికైనా కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, ఎల్‌జీఐ1 యాంటీబాడీ పరీక్ష గురించి అడగండి.