వాకీటాకీ కొంటున్నారా? పెట్టె మీద రాసిన కిలోమీటర్లు నమ్మకండి

అరకు, లంబసింగి వైపు గుంపుగా వెళ్లేవాళ్లకు సెట్లు చూసిపెట్టి, ఛానెళ్లు సరిచేసి ఇవ్వడం నా పని. విశాఖలో నా దగ్గరికి ఎవరొచ్చినా మొదట అడిగేది, "ఎన్ని కిలోమీటర్లు పనిచేస్తుందండీ?" అని.

అపోహ: పెట్టె మీద 10 కిలోమీటర్లని ఉంటే అంత దూరమూ వినిపిస్తుంది.

వాస్తవం: అది మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి లెక్క. కైలాసగిరి మీద ఒకరు, డాల్ఫిన్ నోస్ మీద ఒకరు నిలబడితే మధ్యలో కొండేదీ అడ్డు రాదు, అర వాట్ సెట్‌లోనూ మాట స్పష్టంగా వస్తుంది. అవే సెట్లు అనంతగిరి ఘాట్‌లో ముందు బండిలో ఒకటి, వెనక బండిలో ఒకటి పెట్టి చూడండి, కొన్ని మలుపులు తిరిగేసరికి కొండ అడ్డొచ్చి మాట ముక్కలైపోతుంది, ఆ తర్వాత అసలేమీ రాదు. బొర్రా గుహల లోపలికైతే చెప్పనే అక్కర్లేదు.

అపోహ: అయితే 5 వాట్ల సెట్ కొంటే సరి.

వాస్తవం: కాదు. అడ్డులేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి, కొండ వెనక్కి వెళ్తే ఆ లాభం కూడా పెద్దగా మిగలదు. దానికన్నా గట్టు మీద ఒక మనిషిని నిలబెట్టి, కింది వాళ్ల మాట అవతలికి అందించమనడం ఎంతో మేలు. ఇంకొకటి, చాలామంది సెట్‌ను నడుముకు తగిలించుకుని ఇయర్‌ఫోన్‌తో మాట్లాడతారు, అప్పుడు యాంటెన్నా ఒంటికి ఆనుకుని సగం సిగ్నల్ ఒళ్లే మింగేస్తుంది. చేతిలోకి తీసుకుని, యాంటెన్నా నిటారుగా ఉంచి, బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. "ఆగి రండి"లో మొదటి మాట పోతే ఏమవుతుందో ఆలోచించండి.

అపోహ: ఆన్‌లైన్లో దొరుకుతోందంటే వాడుకోవచ్చనే కదా!

వాస్తవం: ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ పవర్ సెట్లకు వదిలారు. చౌక సెట్లు చాలావరకు దీని బయట కూడా ప్రసారం చేస్తాయి. నౌకాదళం, పోర్టు, ఎయిర్‌పోర్టు ఉన్న ఊరు మనది, తెలియక ఎవరి ఫ్రీక్వెన్సీలో దూరినా అది చిన్న విషయం కాదు. ఇలాంటి అమ్మకాల మీద 2025లో కేంద్రం ఈ-కామర్స్ సైట్లకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ, ఈటీఏ (ఆ మోడల్ సెట్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) రెండూ అడగండి. ఎక్కువ పవర్ కావాలంటే పరీక్ష రాసి హామ్ లైసెన్స్, అంటే అభిరుచిగా రేడియో వాడేవాళ్లకిచ్చే లైసెన్స్ తీసుకోండి, అయితే దాన్ని వ్యాపారానికి వాడకూడదు.

అపోహ: ప్రైవసీ కోడ్ పెడితే ఇంకెవరూ వినలేరు.

వాస్తవం: వింటారు. ఆ కోడ్ మీ సెట్‌లో వేరేవాళ్ల మాటలు రాకుండా ఆపుతుంది, అంతే.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. లంబసింగి చలికి చార్జ్ త్వరగా దిగిపోతుంది, అందుకే స్పేర్ బ్యాటరీని బ్యాగ్ పైజేబులో కాకుండా స్వెట్టర్ లోపల పెట్టుకోండి.