జెడ్డా బ్యాంకు ఊరికే డబ్బిస్తుందా? అపోహలు - వాస్తవాలు

అభివృద్ధి బ్యాంకుల ఒప్పంద పత్రాలు చదవడం, రాయడం నా ఉద్యోగం. ప్రపంచ బ్యాంకు గురించి నన్ను ఎవరూ పెద్దగా అడగరు. సౌదీలోని జెడ్డా కేంద్రంగా ముస్లిం దేశాలు నడిపే ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు (ఐడీబీ) పేరు చెప్తే మాత్రం ప్రశ్నలే ప్రశ్నలు. వాటిలో చాలావరకు వాట్సాప్ నుంచి వచ్చినవే.

అపోహ: వడ్డీ తీసుకోదు కాబట్టి ఆ డబ్బు ఉచితం.

వడ్డీ లేదు, ఖర్చు ఉంది. ఒక దేశానికి కరెంటు లైన్ కావాలనుకోండి. బ్యాంకు దానికి అప్పివ్వదు, 'ఇస్తిస్నా' ఒప్పందం చేసుకుంటుంది. లైన్ కట్టించి అప్పగించే బాధ్యత నాది, ధర ఇంత, ఇన్నేళ్లలో వాయిదాల మీద కట్టండి అని దాని సారాంశం. దాంతోపాటే ఇంకో ఒప్పందం మీద సంతకాలవుతాయి. ఆ దేశపు విద్యుత్ శాఖనే బ్యాంకు తన ఏజెంటుగా పెట్టుకుంటుంది. టెండర్ పిలిచేదీ, పనులు చూసేదీ ఆ శాఖే. బిల్లుల డబ్బు మామూలుగా బ్యాంకు నుంచి నేరుగా కాంట్రాక్టరుకే వెళ్తుంది. అమ్మకపు ధరలో బ్యాంకు లాభం కలిసే ఉంటుంది. ఆ లాభాన్ని దేన్నిబట్టి లెక్కగడతారంటే, మొన్నటిదాకా లైబర్ అనే అంతర్జాతీయ వడ్డీ సూచిక, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సోఫర్. మిగతా బ్యాంకులు వడ్డీ లెక్కలకు వాడేవే ఇవీ.

'అయితే పేరు మార్చిన వడ్డీయే కదా' అంటారు. సగం నిజమే, దాచేదేముంది. మిగతా సగం పత్రాల్లో కనిపిస్తుంది. ఇస్తిస్నాలో ఎదురుగా ఒక ఆస్తి లేనిదే రూపాయి కదలదు. ఉద్యోగుల జీతాలకో, బడ్జెట్ లోటుకో ఈ పద్ధతిలో ఇవ్వడం కుదరదు. అమ్మకం ధర ఒకసారి ఖరారయ్యాక, వాయిదా ఆలస్యమైందని దాన్ని పెంచి బ్యాంకు ఆదాయంలో వేసుకోకూడదు. లీజు పద్ధతిలో, అంటే ఇజారాలో, ఆస్తి బ్యాంకుదే. వాడుకునేవాళ్ల తప్పేమీ లేకుండా అది ధ్వంసమైతే అద్దె ఆగిపోవాలి. ఇన్సూరెన్స్ కూడా యజమాని బాధ్యతే. ఆ పనిని మళ్లీ ఏజెంటు హోదాలో అద్దెదారుకే అప్పజెబుతారనుకోండి, అది వేరే సంగతి! లాయర్లకు చేతినిండా పని దొరికేది అక్కడే.

పేద సభ్య దేశాల్లో బడులు, పల్లె రోడ్ల లాంటివాటికి మాత్రం నిజంగానే అప్పు ఇస్తుంది. దానిమీద నిర్వహణ ఖర్చులకు సర్వీస్ ఫీజు తప్ప లాభం తీసుకోదు. గ్రాంట్లు కూడా ఉన్నాయి గానీ, మొత్తంలో వాటి వాటా చిన్నది.

అపోహ: ఇది గల్ఫ్ షేకుల ఖజానా.

1973 డిసెంబరులో ముస్లిం దేశాల ఆర్థిక మంత్రులు జెడ్డాలో కూర్చుని ఈ బ్యాంకు పెడతామని ప్రకటించారు. 1975 అక్టోబరు 20న అది మొదలైంది. మూలధనంలో సౌదీదే పెద్ద వాటా, నాలుగో వంతుకు కొంచెం తక్కువ. తర్వాతి పెద్ద వాటాల్లో లిబియా, ఇరాన్, నైజీరియా ఉన్నాయి. కానీ మూలధనం ఒక్కదానితోనే బండి నడవదు. 2003లో 40 కోట్ల డాలర్ల సుకూక్‌తో (వడ్డీ లేని ఇస్లామిక్ బాండ్లతో) మొదలుపెట్టి బ్యాంకు మార్కెట్లో డబ్బు సేకరిస్తూనే ఉంది. అత్యున్నత పరపతి రేటింగ్ ట్రిపుల్ ఏ ఉంది కాబట్టి చవగ్గా దొరుకుతుంది. అలా తెచ్చినదాన్ని తిరిగి కట్టాలి. అందుకే ప్రాజెక్టు పరిశీలనలో దయాదాక్షిణ్యాలకు చోటు తక్కువ.

అపోహ: అరబ్బు దేశాలకే ఇస్తుంది.

సభ్యులు 57. దక్షిణ అమెరికాలోని గయానా, సురినామ్ కూడా అందులో ఉన్నాయి. ముస్లింలు మైనారిటీగా ఉన్న ఉగాండా, గాబన్, మొజాంబిక్ కూడా ఉన్నాయి.

అపోహ: ఇంతమంది ముస్లింలున్న భారత్‌కు సభ్యత్వం ఉండే ఉంటుంది.

లేదు. జనాభాతో పనిలేదు. ముందు ఇస్లామిక్ సహకార సంస్థలో, అంటే ఓఐసీలో, సభ్య దేశం కావాలి. 1969లో మొరాకోలోని రబాత్‌లో జరిగిన ముస్లిం దేశాల సదస్సుకు మనల్ని పిలిచి, పాకిస్తాన్ అభ్యంతరంతో పక్కనపెట్టిన కథ తెలిసిందే. కాబట్టి మన ప్రభుత్వ ప్రాజెక్టులకు ఇక్కడి నుంచి సభ్య దేశాలకిచ్చే ఫైనాన్సింగ్ రాదు. సంబంధం అసలే లేదనీ కాదు. సభ్యులు కాని దేశాల ముస్లిం విద్యార్థులకు 1983 నుంచి స్కాలర్‌షిప్ పథకం ఉంది. విద్యార్థికి అది వడ్డీలేని అప్పు, తిరిగి కట్టిన సొమ్ము అక్కడి సమాజం కోసమే ఉంటుంది. హైదరాబాద్ నుంచి హజ్ కమిటీ ద్వారా వెళ్లినవాళ్లు 'ఐడీబీ కూపన్' అనే మాట వినే ఉంటారు. ఆ ఐడీబీ ఈ బ్యాంకే. హజ్‌లో ఇచ్చే ఖుర్బానీ (జంతుబలి) మాంసం వృథా కాకుండా పేదలకు, ఇతర దేశాలకు కూడా పంపే సౌదీ పథకాన్ని 1983 నుంచి చాలాకాలం ఇదే నడిపింది. అభివృద్ధి బ్యాంకుకు మాంసం పంపిణీ పనేమిటని నవ్వకండి. లక్షల జంతువులు, కొద్ది రోజుల గడువు, కోల్డ్ స్టోరేజీ, ఓడలు! చాలా ప్రాజెక్టుల కంటే కష్టమైన పని.

అపోహ: కాంట్రాక్టులు ముస్లిం కంపెనీలకే.

టెండర్లో మతం అడగరు, దేశం అడుగుతారు. కొన్ని టెండర్లు సభ్య దేశాల కంపెనీలకే పరిమితం, కొన్ని అందరికీ తెరిచి ఉంటాయి. రెండో రకంలో మన కంపెనీలు కూడా పోటీపడొచ్చు. డాక్యుమెంట్ కొనేముందే అర్హత క్లాజు చదవండి. ఓఐసీ, అరబ్ లీగ్, ఆఫ్రికన్ యూనియన్ బహిష్కరణ నిబంధనలు, అంటే ఎవరితో వ్యాపారం చేయకూడదనే షరతులు కూడా అక్కడే ఉంటాయి. మీ కంపెనీకి ఇబ్బంది లేకపోయినా, యంత్రం ఎక్కడ తయారైందో, సబ్‌కాంట్రాక్టరు ఏ దేశమో చూసుకోకపోతే బిడ్ పక్కనపడొచ్చు.