చర్చి గంట: అపోహలు, వాస్తవాలు, కొంత నా గోడు

కడపలో మాది లేత్ షాపు. ట్రాక్టర్ బుష్‌లు, బోరు మోటార్ల షాఫ్టులు తిప్పుకుంటూ బతుకుతాం. మా నాన్న ముప్పై ఏళ్ళు మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో గంట కొట్టారు, ఆయన తర్వాత ఆ తాడు నా చేతికి వచ్చింది. లేత్ పని, గంట పని ఒకే మనిషి దగ్గర ఉన్నాయని తెలిశాక, సీఎస్ఐ అని లేదు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అని లేదు, బాప్టిస్టు అని లేదు, ఇటు జమ్మలమడుగు నుంచి అటు గుత్తి దాకా గంటకు ఏ జబ్బు చేసినా నాకే ఫోను చేస్తున్నారు. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే: గంటలకు వచ్చే జబ్బుల్లో సగం మనం వాటి మీద పెట్టుకున్న నమ్మకాల వల్ల వచ్చేవే.

అపోహ: తాడు లాగడానికి ఏముంది, బలముంటే చాలు.

ఈ మాట అన్నవాళ్ళకు నేను వెంటనే తాడు చేతికిస్తాను. మా గంట రమారమి రెండు వందల కిలోలు ఉంటుంది. పక్కన చక్రం, చక్రం గాడిలో తాడు. బలమున్న కుర్రవాడు మొదటి లాగులోనే మోగించాలని వేలాడతాడు. గంట కాస్త కదులుతుంది, మోగదు. ఎందుకంటే ఊపు చిన్నగా ఉన్నంతసేపూ గంట, లోపలి నాలుక కలిసే ఊగుతాయి. ఊపు పెరిగి, గంట ఒక వైపు వెళ్ళి వెనక్కి మళ్ళేటప్పుడు నాలుక ఇంకా ముందుకే పోతూ ఉండాలి. అప్పుడే తగులుతుంది. ఉయ్యాల ఊపడం తెలిసిన వాళ్ళకు ఇది కొత్త కాదు. ఉయ్యాలను బలంగా తోస్తే ఎగరదు, సరైన క్షణాన చిన్నగా తోస్తూ ఉంటే ఎగురుతుంది. మా చర్చిలో నలభై కిలోల పిల్ల కూడా ఆ గంటను నాలుగో ఊపుకు మోగిస్తుంది.

అసలు కష్టం లాగడంలో లేదు, వదలడంలో ఉంది. గంట పైకి వెళ్ళేటప్పుడు తాడు కూడా పైకి పోతుంది. దాన్ని పోనివ్వాలి. మా నాన్న పక్కన నిలబడి ఒకటే మాట అనేవారు: "లాగకురా, వదులు." నాకు పదమూడేళ్ళప్పుడు ఆ మాట వినకుండా, పట్టు జారుతోందని కొబ్బరి తాడును ఎడమ చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. గంట నన్ను మునివేళ్ళ మీద నిలబెట్టింది, ఆ తర్వాత తాడు నా అరచేతి తోలు తీసుకుని పోయింది. ఆ గీత ఇంకా ఉంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ముందు అరచెయ్యి చూపిస్తాను, తర్వాతే తాడు ఇస్తాను.

అపోహ: పాత గంటల్లో దొరలు బంగారం, వెండి కలిపారు. అందుకే ఆ నాదం.

1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ జిల్లాల్లో చర్చిలు ఉన్నాయి. పాత గంట ఉన్న ప్రతి ఊరిలోనూ ఈ కథ ఉంది. ఇది మన ఊళ్ళ కథ మాత్రమే కాదు, యూరప్ అంతటా ఇదే చెప్పుకుంటారు. పోత పోసేటప్పుడు ఊరి ఆడవాళ్ళు నగలు తీసి మూసలో వేశారని, రాణిగారు వెండి పళ్ళేలు పంపారని. వాస్తవం ఏమిటంటే గంటకు కావలసినవి రెండే: నూటికి సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. అంటే మన కంచే. తగరం తగ్గితే నాదం మందగిస్తుంది, మరీ పెరిగితే గాజులా పగులుతుంది. వెండి కలిపితే నాదానికి మేలేమీ లేదు, ఎక్కువైతే చెడు. బంగారం మెత్తన, దానికి మోగే గుణమే లేదు. కంచు మోగినట్టు కనకం మోగదని మన పెద్దలు కంచును చిన్నబుచ్చడానికే అన్నారు కానీ, నేను మాత్రం ఆ మాటను కంచుకు ఇచ్చిన యోగ్యతాపత్రం కిందే తీసుకుంటాను.

ఈ అపోహ నవ్వుకుని వదిలేసేది కాదు. బంగారం ఉందన్న పుకారు పుడితే గంటకు దొంగల భయం పుడుతుంది. ఒక ఊరిలో గంట అంచున ఆకురాయితో అరగదీసిన గుర్తులు చూశాను. ఎవరో రాత్రిపూట పరీక్ష చేసుకున్నారు. పాపం, వాళ్ళకు దొరికింది కంచు రజను.

కొత్త గంట కొనేవాళ్ళకు ఇక్కడే ఒక మాట. బంగారం సంగతి తర్వాత, ముందు అది కంచేనా అని చూడండి. రాగి, జింకు కలిసిన ఇత్తడి గంటను కంచు పేరుతో అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెక్క సుత్తితో ఒకసారి తట్టి, నోరు మూసుకుని వినండి. ఇత్తడి త్వరగా చల్లారుతుంది. మంచి కంచు, మీరు అయిపోయింది అనుకున్నాక కూడా కింద ఒక హోరు నడుపుతూనే ఉంటుంది.

అపోహ: క్రిస్మస్‌కు గంటకు రంగు వేయాలి.

దయచేసి వేయకండి. పోయిన డిసెంబరులో ఒక పల్లె నుంచి గంటను ఆటోలో వేసుకుని తెచ్చారు. "అన్నా, దీని గొంతు పోయింది" అన్నారు. షాపులో పాత టైరు మీద బోర్లించి చూస్తే పైన బంగారు రంగు, దాని కింద వెండి రంగు, దాని కింద ఆకుపచ్చ ఎనామిల్. లోపల కూడా వేశారు. ఒకచోట రంగు ధారగా కారి, నాలుక తగిలే చోట చిన్న వేలంత మందాన గడ్డకట్టింది. ప్రతి దెబ్బా ఆ గడ్డ మీదే పడుతోంది. మెత్తటి తలగడ మీద కొట్టినట్టు ఉంటే గొంతెలా వస్తుంది? రెండు రోజులు రంగు మెత్తబరిచే మందు పూసి, చెక్క పలకతో గీకాం. ఇనుప బ్రష్ వాడలేదు, శానపెట్టే యంత్రం అసలే వాడలేదు. కింద ముదురు పచ్చటి చిలుము కనిపించగానే ఆ ఊరి పెద్ద "ఇంకా తుప్పు ఉంది, అది కూడా తీయండి" అన్నారు. అది తుప్పు కాదు. ఇనుము తుప్పు లోపలికి తింటూ పోతుంది, కంచు మీద పట్టే ఆ పొర మాత్రం లోపలి లోహాన్ని కాపాడుతుంది. చింతపండుతో తోమడం ఇంట్లో చెంబులకు సరే, గంటకు అక్కర్లేదు. మెరవాలంటే పైన బల్బు పెట్టుకోండి.

అపోహ: పగిలితే వెల్డింగ్ పెట్టించవచ్చు.

నా చేతిలో వెల్డింగ్ మిషను ఉండి కూడా చెబుతున్నాను, మామూలు వెల్డింగ్ వద్దు. ఒక్కచోట వేడి పెడితే పక్కన కంచు తట్టుకోలేక ఇంకోచోట పగులుతుంది. గంట మొత్తాన్ని కొలిమిలో సమంగా వేడెక్కించి అతికే నిపుణులు జర్మనీ వంటి చోట్ల ఉన్నారు. మన దగ్గర రోడ్డు పక్క చేసే పని కాదది. అమెరికాలో లిబర్టీ బెల్ పగులును 1846లో వెడల్పు చేసి బాగు చేయబోతే ఇంకో పగులు పుట్టి, అది మూగబోయింది. లండన్‌లో 13.7 టన్నుల బిగ్ బెన్‌ను 1858లో పోత పోశారు. మరుసటి ఏడాది మోగడం మొదలైన కొద్ది నెలలకే పగిలింది. కారణం, మోతాదు మించిన సుత్తి. వాళ్ళు అతకలేదు. గంటను కాస్త తిప్పి, పగులు లేని చోట దెబ్బ పడేలా చేసి, తేలిక సుత్తి పెట్టారు. ఆ పగులుతోనే నేటికీ మోగుతోంది.

ఆ కిటుకు మనకూ పనికొస్తుంది. ఏళ్ళ తరబడి నాలుక ఒకేచోట తగిలితే అక్కడ అంచు గుంటపడుతుంది. పగలకముందే గంటను పావు వంతు తిప్పి బిగిస్తే కొత్త చోట దెబ్బ పడుతుంది. దీనికి నేను తీసుకునేది ఒక పూట కూలీ. పగిలాక వస్తే నేను చేయగలిగింది సానుభూతి చూపడమే.

మన పల్లెల్లో గంటలు పగలడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. చక్రం, బేరింగులు ఖర్చని గంటను కదలకుండా బిగించి, నాలుకకే తాడు కట్టి లాగుతారు. అందులో తప్పు లేదు. కానీ లాగినవాళ్ళు దెబ్బ పడ్డాక తాడు వదలరు. నాలుక అంచును అదిమి పట్టుకునే ఉంటుంది, గంట వణకాలనుకుంటుంది, వణకనివ్వరు. ఆ పోరులో కంచు ఓడుతుంది. ఇంగ్లండులో కూడా ఇలా నాలుకకు తాడు కట్టి లాగి ఎన్నో పాత గంటలను పగలగొట్టుకున్నారు.

అపోహ: చావు గంట వేరే ఉంటుంది.

చిన్నపిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా అడుగుతారు. ఒకటే గంట, నడక వేరు. ఆరాధనకు ఊపు ఆగకుండా మోగిస్తాం. మరణానికి ఒక్క దెబ్బ కొట్టి, హోరు పూర్తిగా చల్లారాక ఇంకొకటి. ఆర్‌సీఎం చర్చిల్లో త్రికాల జపానికి మూడు, మూడు, మూడు, ఆపై తొమ్మిది. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం మహిమ గీతం నుంచి ఈస్టర్ జాగరణలో మళ్ళీ ఆ గీతం పాడేవరకు గంట మూగ, చెక్కతో చప్పుడు చేస్తారు. ఆ రోజుల్లో గంటలు రోముకు ఎగిరిపోయాయని ఫ్రాన్స్‌లో పిల్లలకు చెబుతారట. మా దగ్గరైతే రిపేరుకు కడప వెళ్ళిందని చెబుతారు.

అయితే ఏ గంటకైనా కొంత దిగులు గొంతు ఉన్న మాట నిజం. దానికి కారణం స్వరాల్లో ఉంది. గంట ఒక్క స్వరం పలకదు. బాగా శ్రుతి చేసిన గంటలో షడ్జం, దాని కింద మంద్ర షడ్జం, పైన పంచమం, తారస్థాయి షడ్జం ఉంటాయి. వీటి మధ్య సాధారణ గాంధారం గట్టిగా పలుకుతుంది, ఖరహరప్రియ రాగంలో వినిపించే ఆ గాంధారమే. ఆ దిగులు దాని నుంచే. దానికన్నా ఒక మెట్టు పైన ఉండే అంతర గాంధారం పలికే గంటలను 1980లలో నెదర్లాండ్స్‌లో కంప్యూటర్ సాయంతో తయారు చేశారు, ఆకారమే మార్చవలసి వచ్చింది. ఇంకో విచిత్రం: దెబ్బ పడగానే ఇదీ గంట స్వరం అని మన చెవి పట్టుకునేది పై స్వరాల నుంచి చెవి కూర్చుకునే స్వరం, లోహంలో విడిగా ఆ కంపనం ఉండనవసరం లేదు. శ్రుతి చేయడానికి గంటను నోరు పైకి ఉండేలా తిప్పి, పెద్ద నిలువు లేత్ మీద లోపలి వైపు కొద్దికొద్దిగా చెక్కుతారు. లేత్ వాణ్ణి కాబట్టి నాకూ ఒకసారి ఆశ పుట్టింది. చెక్కిన లోహాన్ని మళ్ళీ అతికించలేమని గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాను.

అపోహ: ఇంగ్లండు చర్చిల్లో గంటలతో పాటలు వాయిస్తారు.

ఫోనులో వీడియోలు చూసి మా యువజన సంఘం వాళ్ళు మనమూ వాయిద్దామని వచ్చారు. మీట నొక్కితే ఒక్కో గంట మోగే కారిలాన్ మీద పాటలు వాయిస్తారు, అది బెల్జియం, నెదర్లాండ్స్ వైపు ఎక్కువ. ఇంగ్లండు పద్ధతి వేరు. అక్కడ ఒక్కో గంటకు ఒక మనిషి. గంట నోరు పైకి వచ్చేదాకా పూర్తి చుట్టు తిరుగుతుంది. అంత బరువు అలా తిరుగుతుంటే పాటకు తగ్గట్టు తొందరపెట్టడం, ఆలస్యం చేయడం కుదరదు. పక్క గంటతో స్థానం మార్చుకోవడమే కుదురుతుంది. అందుకని వాళ్ళు పాట వదిలి లెక్క పట్టుకున్నారు. నాలుగు గంటలను ఎన్ని వరుసల్లో మోగించవచ్చు? 24. ఏడింటిని 5,040, సుమారు మూడు గంటల సేపు పని. ఎనిమిదింటిని 40,320. ఆ మొత్తాన్నీ 1963లో ఇంగ్లండులోని లాఫ్‌బరోలో ఎనిమిది మంది ఒక్కరూ మారకుండా, ఒక్క వరుసా తిరిగి రాకుండా, కాగితం చూడకుండా దాదాపు పద్దెనిమిది గంటల సేపు మోగించారు. అవధానం చేసేవాళ్ళు తాడు పట్టుకున్నారనుకోండి. మన దేశంలో అలా ఊగే ఎనిమిది గంటలు చూడాలంటే పూణె హోలీ నేమ్ కెథెడ్రల్‌కు వెళ్ళాలి. మా కుర్రవాళ్ళకు ఉన్నది ఒక్క గంట. ఒక్క గంటతో ఎన్ని వరుసలో వాళ్ళే లెక్కవేసుకుని వెళ్ళిపోయారు.

పిడుగు సంగతి త్వరగా చెప్పేస్తాను. గంట మోతకు పిడుగు చెదిరిపోతుందని యూరప్‌లో నమ్మి, "మెరుపులను విరిచేదాన్ని" అని గంటల మీదే చెక్కించుకున్నారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ముప్పై మూడేళ్ళలో 103 మంది గంట కొట్టేవాళ్ళు పిడుగుపాటుకు పోయారు. ఊరిలో అన్నిటికన్నా ఎత్తైన గోపురం, తడిసిన తాడు, దాని కొసన మనిషి. ఉరుము వినిపిస్తే తాడు వదిలి, గోపురం కింద నుంచి చర్చి లోపలికి వచ్చేయండి.

ఇక ఏప్రిల్, మే నెలల్లో నాకు వచ్చే ఫోన్లు. "తెల్లవారుజామున పక్క ఊరికి వినపడే గంట మధ్యాహ్నం రెండు వీధులు దాటడం లేదు, బేరింగు పోయిందా?" బేరింగు బాగానే ఉంది. ఎండకు కాలిన నేల మీద గాలి వేడెక్కి, పైన కాస్త చల్లగా ఉంటుంది. శబ్దం చల్లటి గాలి వైపు వంగుతుంది కాబట్టి మన తలల మీదుగా పైకి పోతుంది. తెల్లవారుజామున నేల చల్లారి వరుస తిరగబడితే, శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. ఇంకా పెద్ద గంట కొన్నా కడప ఎండ ముందు ఇంతే. ఆ డబ్బు పెట్టి గోపురం కిటికీలకు అడ్డంగా కట్టిన ఇటుకలు తీయించండి.

చివరగా ఒక రైలు పట్టా ముక్క. గుంతకల్లు వైపు ఒక చిన్న చర్చికి వెళ్ళాను. గంట కొనే స్తోమత లేక వేపచెట్టుకు మూడడుగుల రైలు పట్టా ముక్క వేలాడదీసుకున్నారు. "ఇది గంట కాదులెండి" అని పాస్టరు గారు సిగ్గుపడ్డారు. ఎందుకు కాదు? ఊరిని పిలుస్తోందిగా. దాని లోపమల్లా కట్టిన తీరులో ఉంది. నడుముకు ఇనుప తీగ బిగించి కట్టారు, సరిగ్గా ఎక్కువ వణకవలసిన చోట. ఇటువంటి కమ్మీ వణికేటప్పుడు రెండు చోట్ల మాత్రం కదలదు, ఒక్కో కొస నుంచి పొడవులో నూటికి 22 వంతుల దగ్గర. మూడడుగుల ముక్కకు అది ఎనిమిది అంగుళాలు. తీగ తెంపేసి, ఆ రెండు చోట్లా నూలు తాళ్ళతో అడ్డంగా వేలాడదీసి, నడిమధ్యన సుత్తితో ఒక్కటి కొట్టి వదిలాను. చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఖర్చు రెండు తాళ్ళు. పాస్టరు గారు వద్దన్నా వినకుండా స్కూటరుకు ఒక సంచి వేరుశనగకాయలు కట్టించారు.