లీటరు మీద ఒక గ్లాసు చాలదు

ముసురు పట్టి పరకాల దగ్గర మా అన్న పత్తి చేనులో నీళ్లు నిలిచాయి. ఆకులు పసుపెక్కాయి. ఇలాంటప్పుడు రెండు శాతం యూరియా కొట్టమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. అంటే లీటరుకు 20 గ్రాములు. (అది యూరియా శాతం. యూరియాలో నత్రజని 46 శాతమే కాబట్టి, మందు కొట్టే ట్యాంకులో నత్రజని ఒక శాతం కూడా ఉండదు.)

తొందరలో అన్న ట్యాంకులోని 12 లీటర్ల నీళ్లకు 240 గ్రాములు వేయాల్సింది 120 వేశాడు. బస్తా ఇంట్లో ఉండిపోయింది. ఇక మిగిలింది బకెట్‌లో పది శాతం చిక్కగా కలిపి ఉంచుకున్న యూరియా నీళ్లే.

"తమ్మీ, తక్కువైంది 120 గ్రాములే గదా! బకెట్ల లీటరుకు వంద గ్రాములున్నది. లీటరు మీద ఒక గ్లాసు పోస్తే సరిపాయె!"

వినడానికి బాగుంది. నేనూ తలూపబోయాను. కానీ 1.2 లీటర్లు పోస్తే 240 గ్రాములు 13.2 లీటర్లలో కలుస్తాయి. అది 1.8 శాతమే. బకెట్ నుంచి వచ్చేది యూరియా ఒక్కటే కాదు, దానితో నీళ్లూ వస్తాయి. ఆ నీళ్లకూ రెండు శాతం కావాలి. లీటరు తెచ్చే వంద గ్రాముల్లో 20 దాని సొంత ఖర్చుకే పోతాయి, పాత నీళ్లకు దక్కేది 80. మనకు లోటు 120. అంటే లీటరున్నర.

బీజగణితం చెప్పేదీ ఇదే. పోయాల్సిన లీటర్లు ఎక్స్ అనుకుంటే:

120 + 100 ఎక్స్ = 20 (12 + ఎక్స్)

ఎడమవైపుది ట్యాంకులో చేరే యూరియా, కుడివైపుది ఉండాల్సిన యూరియా. 80 ఎక్స్ = 120, ఎక్స్ = 1.5. బడిలో ఈ లెక్కలంటే నాకు టెన్షన్. ఎక్స్ ఎందుకో ఎవరూ చెప్పలేదు మరి. తెలియని ఎక్స్ రెండు వైపులా ఉంటుంది, అన్న మరిచిపోయింది కుడివైపుదాన్ని. పొడి యూరియా అయితే ఆయన లెక్కే దాదాపు సరిపోయేది, ఇంకో రెండు మూడు గ్రాములు వేస్తే చాలు.

అవుసలి చేసేదీ ఈ పనే. 24 క్యారెట్లు, 18 క్యారెట్ల బంగారాలు కలిపి 22 తేవాలంటే, మొదటిది రెండు పాళ్లు, రెండోది ఒక పాలు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలోనూ బంగారం కలిపే లెక్కలున్నాయి.

"ట్యాంకు నిండా ఉంటే ఎట్ల?" అన్నాడు అన్న. 16 లీటర్ల ట్యాంకు ఒక శాతంతో నిండి ఉంటే పోయడానికి చోటుండదు. ముందు కొంత తీసి, అంతే చిక్కటిది పోయాలి. తీసిన ప్రతి లీటరుతో 10 గ్రాములు పోతాయి, పోసినదానితో వంద వస్తాయి, నికరంగా 90. లోటు 160. తీయాల్సింది 1.8 లీటర్లకు కాస్త తక్కువ.